వాడిన ఆల్టిమీటర్లు, ఫ్లైట్ కంప్యూటర్లు అమ్మడం, కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో సరదాకి హై పవర్ రాకెట్లు (బొమ్మ రాకెట్ల కన్నా చాలా పెద్దవి) ఎగరేసే మనవాళ్లలో కొందరికి ఆ పిచ్చి యూనివర్సిటీ టీమ్‌లో అంటుకుంటుంది, కొందరికి ఉద్యోగంలో కుదురుకున్నాక వీకెండ్లలో మొదలవుతుంది. ఎలా మొదలైనా కొన్నేళ్లు తిరిగేసరికి రాకెట్‌లో పెట్టే ఈ ఎలక్ట్రానిక్ బోర్డులు వాడనివి డబ్బాలో పోగుపడతాయి. వాటిని వదిలించుకుందామనుకునేవాళ్లు, తక్కువలో దొరికితే తీసుకుందామనుకునేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు ఇవి. రూల్స్ విషయంలో చెప్పేదంతా, వేరే చెప్పకపోతే, అమెరికా సంగతే.

ఆల్టిమీటర్‌కీ ఫ్లైట్ కంప్యూటర్‌కీ తేడా ఏమిటి?

గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టేది ఆల్టిమీటర్. రాకెట్ పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతూ పోతుంది. తగ్గడం ఆగి మళ్లీ పెరగడం మొదలైందంటే రాకెట్ తన శిఖరానికి, అంటే అపోజీకి చేరినట్టు. అక్కడ బోర్డు మొదటి ఛార్జ్ (కొద్దిపాటి బ్లాక్ పౌడర్, అంటే నల్లమందు) పేల్చి డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ని బయటికి తోస్తుంది. కిందికి దిగుతూ మనం సెట్ చేసిన ఎత్తుకు, మామూలుగా ఐదారు వందల అడుగులకు, వచ్చాక రెండో ఛార్జ్ పేల్చి మెయిన్ పారాచూట్ తెరుస్తుంది. దీన్నే డ్యూయల్ డిప్లాయ్ అంటారు. పర్ఫెక్ట్‌ఫ్లైట్ స్ట్రాటోలాగర్, మిస్సైల్ వర్క్స్ ఆర్ఆర్‌సీ3 ఈ కోవలోవి.

దానికి యాక్సిలరోమీటర్, రేడియో, జీపీఎస్, రెండో స్టేజ్ మోటార్‌ని వెలిగించే అదనపు అవుట్‌పుట్‌ల లాంటివి చేరితే ఫ్లైట్ కంప్యూటర్ అంటాం. ఫెదర్‌వెయిట్ రేవెన్, ఆల్టస్ మెట్రమ్ వాళ్ల టెలిమెట్రమ్, టెలిమెగా ఇలాంటివి. ఈ రెంటి మధ్య గీత అంత కచ్చితమైంది కాదు. అమ్మేటప్పుడు మోడల్ పేరు, వెర్షన్ నంబర్ సరిగ్గా రాస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. జాలీ లాజిక్ ఆల్టిమీటర్‌త్రీ లాంటివి ఎత్తు చూపిస్తాయి గానీ ఛార్జ్ పేల్చవు. కొత్తవాళ్లు పేరు చూసి పొరబడతారు, కాబట్టి అది ప్రకటన మొదటి లైన్లోనే రాయండి.

వాడిన బోర్డుని నమ్మి రాకెట్‌లో పెట్టొచ్చా?

దాని చరిత్ర తెలిస్తే పెట్టొచ్చు. తెలియకపోతే ఎంత మెరుస్తున్నా పెట్టొద్దు. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. వాడిన ఫోన్ చెడిపోతే డబ్బులు పోతాయి, అంతటితో సరి. ఆల్టిమీటర్ మొరాయిస్తే పారాచూట్ తెరుచుకోదు, రాకెట్ ముక్కు కిందికి పెట్టి నేలలోకి దిగబడుతుంది. ఆ దిగే చోట మనుషులుండొచ్చు. అందుకే ఇక్కడ అమ్మేవాడి మాటకు విలువ ఎక్కువ.

సరిగ్గా వాడిన బోర్డు మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నిజానికి పది ఫ్లైట్‌లు చక్కగా చేసిన బోర్డు మీద, డబ్బా విప్పని కొత్త బోర్డు కన్నా నాకు నమ్మకం ఎక్కువ.

అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఏమేం చెప్పాలి?

సుమారుగా ఎన్ని ఫ్లైట్‌లు చేసింది, చివరి ఫ్లైట్‌లో రెండు ఛార్జ్‌లూ వేళకు పేలాయా, ఎప్పుడైనా క్రాష్ అయ్యిందా, నీళ్లలో పడ్డదా, బ్యాటరీ ఎప్పుడైనా ఉల్టా తగిలించారా, టంకం పని ఏమైనా చేశారా. ఇంతే. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, కానీ చాలామంది "బాగానే పనిచేస్తోంది" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాటకి అర్థం లేదు. బీప్ కొట్టడం వేరు, వేళకి ఛార్జ్ పేల్చడం వేరు.

ఎక్కడ ఎగిరిందో కూడా చెప్పండి. నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఎగిరిన బోర్డు అయితే కొనేవాళ్లు తప్పకుండా అడగాలి. అక్కడి ఎండిన సరస్సు నేల మీది తెల్లటి దుమ్ము క్షార గుణం ఉన్నది. టెర్మినల్ స్క్రూలలో, స్విచ్‌లో చేరి నెమ్మదిగా లోహాన్ని తినేస్తుంది.

క్రాష్ అయిన రాకెట్‌లోంచి తీసిన బోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది. అమ్మొచ్చా?

క్రాష్ అయిందని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మొచ్చు. దాచి అమ్మడం మోసం, ఇందులో రెండో మాట లేదు. నేలను గుద్దుకున్న దెబ్బకి కంటికి కనపడని పగుళ్లు టంకం కింద ఏర్పడతాయి. టేబుల్ మీద పెట్టినప్పుడు అంతా బాగుంటుంది. మోటార్ అంటుకున్నాక ఆ అదురుకి కనెక్షన్ ఒక్క క్షణం తెగితే చాలు, బోర్డు రీసెట్ అయిపోతుంది. గాల్లో రీసెట్ అయిన బోర్డు తాను ఇంకా లాంచ్ ప్యాడ్ మీదే ఉన్నాననుకుంటుంది.

నా మట్టుకు నేను క్రాష్ బోర్డుని ఛార్జ్ పేల్చే పనికి అమ్మను, కొనను. డేటా రికార్డు చేసుకోవడానికి మాత్రం అయితే సరే.

బోర్డుని కళ్లతో చూసి ఏం కనిపెట్టొచ్చు?

చాలా కనిపెట్టొచ్చు. భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలు. మొదట ఛార్జ్ వైర్లు బిగించే టెర్మినల్స్ చుట్టూ చూడండి. బూడిద రంగు పూత గానీ, రాగి మీద పచ్చటి చిలుము గానీ ఉంటే, ఛార్జ్ పేలినప్పుడు బ్లాక్ పౌడర్ పొగ బోర్డు ఉన్న గదిలోకి దూరిందని అర్థం. ఆ పౌడర్‌లో గంధకం ఉంటుంది. దాని మసి తేమ పీల్చుకుని బోర్డు మీది సన్నని రాగి గీతల్ని తింటూనే ఉంటుంది. మసి ఒక మూల కాస్త ఉందంటే ఎవరో బల్క్‌హెడ్‌లోని (ఆ గదిని మూసే అడ్డగోడలోని) వైరు రంధ్రాన్ని సరిగ్గా మూయలేదన్నమాట. బోర్డంతా ఉందంటే వదిలేయండి.

తర్వాత పీడనం కొలిచే సెన్సర్. చాలా బోర్డుల మీద అది లోహపు మూత, దానిలో చిన్న రంధ్రంతో మినపగింజంత ఉంటుంది. ఆ రంధ్రంలో మసి, దుమ్ము, జిగురు ఏమున్నా బేరం ఆపేయండి. పిన్నుతో శుభ్రం చేశామని అమ్మినవాడు చెబితే ఇంకా ముందే ఆపేయండి. స్పిరిట్‌తో కడిగారా అని కూడా అడగండి. బోర్డు మిగతా భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మంచిదే, సెన్సర్‌లోకి మాత్రం అది పోకూడదు.

ఆపైన బ్యాటరీ టెర్మినల్ కాళ్లు. బోర్డుని వెనక్కి తిప్పి టంకం చుక్క చుట్టూ ఉంగరంలాగా సన్నటి గీత ఉందేమో చూడండి. ఉంటే ఆ కాలు వదులైపోయింది. టెర్మినల్ స్క్రూలన్నీ ఒకసారి తిప్పి చూడండి, మరలు అరిగిపోయినవి వైరుని పట్టుకోలేవు. బిగించిన వైరుని గట్టిగా లాగి చూడాలి, కళ్లతో చూస్తే తెలియదు.

కొన్నాక ఇంట్లో ఎలా టెస్ట్ చేయాలి?

ఈ-మ్యాచ్‌లు (కరెంటుతో అంటుకుని ఛార్జ్‌ని పేల్చేవి), పౌడర్ దరిదాపుల్లో ఉండకూడదు. అవుట్‌పుట్‌లకి వాటి బదులు క్రిస్మస్ దీపాల తోరణంలోంచి కత్తిరించిన చిన్న బల్బులు తగిలించండి.

మొదటి పరీక్ష అన్నిటికన్నా ముఖ్యమైంది, పది సెకన్లలో అయిపోయేది. పవర్ ఆన్ చేయండి. ఏ బల్బూ వెలగకూడదు. వెలిగితే ఆ అవుట్‌పుట్‌లోని ట్రాన్సిస్టర్ కాలి షార్ట్ అయిపోయింది. పేలిన ఈ-మ్యాచ్ ఒక్కోసారి లోపల షార్ట్ అవుతుంది. శక్తిమంతమైన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడితే అప్పుడు ఆ కరెంటంతా ట్రాన్సిస్టర్ గుండానే పోతుంది. అలా కాలిన బోర్డు బీప్‌లు శుభ్రంగా కొడుతుంది, ఎత్తు సరిగ్గా చెబుతుంది. మీరు లాంచ్ ప్యాడ్ దగ్గర నిచ్చెన మీద నిలబడి స్విచ్ వేసిన మరుక్షణం మొహం ముందే ఛార్జ్ పేలుతుంది.

రెండోది వాక్యూమ్ పరీక్ష. వెడల్పాటి మూతి ఉన్న పచ్చడి సీసా ఒకటి, దాని మూతకి చేసిన రంధ్రంలో ఒక ప్లాస్టిక్ గొట్టం, గాలి లాగడానికి చేతి పంపు లేదా పెద్ద సిరంజి. బోర్డు, బ్యాటరీ, బల్బులు లోపల పెట్టి, బోర్డు ప్యాడ్ మీద కొట్టే బీప్‌లు మొదలుపెట్టేదాకా ఆగండి. అప్పుడు గాలి మెల్లగా, ఆగకుండా లాగండి. వందో మూడు వందలో అడుగులు ఎక్కినంత పీడనం తగ్గితేనే బోర్డు ఎగిరినట్టు లెక్క వేస్తుంది, అంతవరకు ఏమీ జరగదు. లాగడం ఆపిన కాసేపటికి డ్రోగ్ బల్బు తళుక్కుమనాలి. తర్వాత గాలిని నెమ్మదిగా లోపలికి వదలండి. సెట్ చేసిన ఎత్తు దాటి దిగినప్పుడు మెయిన్ బల్బు వెలగాలి. గాలిని ఒక్కసారిగా వదిలితే బల్బులు ఏ క్రమంలో వెలిగాయో తెలియదు, పరీక్ష దండగ.

ఇది సీసాను నీడలో పెట్టి చేయండి. ఈ కాలపు బోర్డులు చాలావాటిలో ఉండే ఎంఎస్5607 రకం సెన్సర్ మీద నేరుగా ఎండ పడితే రీడింగ్ తప్పుతుంది. కిటికీ పక్కన టెస్ట్ చేసి "బోర్డు పిచ్చి లెక్కలు చెబుతోంది" అని వాపసు ఇచ్చేవాళ్లుంటారు.

యాక్సిలరోమీటర్ మీద ఆధారపడి లాంచ్‌ని గుర్తించే రేవెన్ లాంటివి గాలి లాగినంత మాత్రాన ఎగిరామనుకోవు. వాటికి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉత్తుత్తి ఫ్లైట్ నడిపే పద్ధతి ఉంటుంది, అది వాడాలి.

బీప్‌లు వింటే ఏం తెలుస్తుంది?

స్ట్రాటోలాగర్ అయితే చాలా తెలుస్తుంది. ఆన్ చేయగానే మెయిన్ ఎంత ఎత్తుకు సెట్ అయిందో, చివరి ఫ్లైట్ ఎంత ఎత్తు వెళ్లిందో, బ్యాటరీ వోల్టేజ్ ఎంతో అంకె తర్వాత అంకెగా కొడుతుంది. సున్నాకి పది బీప్‌లు. ఆ తర్వాత ఆగకుండా వచ్చేవి కనెక్షన్ బీప్‌లు: ఒకటైతే డ్రోగ్ మాత్రమే, రెండైతే మెయిన్ మాత్రమే, మూడైతే రెండూ బాగున్నట్టు. అమ్మేవాడు "నాలుగు వేల అడుగులు వెళ్లింది" అంటుంటే బోర్డు పన్నెండు వందలే కొడుతోందనుకోండి, మిగతా కథ కూడా ఒకసారి మళ్లీ అడగండి.

అపోజీ రాకముందే ఛార్జ్ పేలింది. బోర్డు చెడిపోయిందని తక్కువకి అమ్మేస్తున్నారు. కొనొచ్చా?

ఇలాంటివి ఒక్కోసారి మంచి బేరాలు, ఎందుకంటే తప్పు బోర్డుది కాకపోవచ్చు. రాకెట్ ధ్వని వేగాన్ని దాటేటప్పుడు షాక్ వేవ్ గాలి రంధ్రాల మీదుగా జరుగుతుంది, లోపలి పీడనం ఒక్కసారి ఎగిసిపడుతుంది. బోర్డుకి అది కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వేగంలో డ్రోగ్ బయటికి వస్తే తాడు ట్యూబ్‌ని పైనుంచి కింద దాకా చీల్చేస్తుంది. కొత్త బోర్డులు ఇలాంటి కుదుపుల్ని వడకట్టేస్తాయి. పాతవాటిలో మాక్ డిలే అని ఒక సెట్టింగ్ ఉండేది, ఇన్ని సెకన్లపాటు ఏం జరిగినా పట్టించుకోవద్దని మనం చెప్పి పెట్టాలి. అది సున్నాలో వదిలేసి వేగంగా ఎగరేస్తే బోర్డుని తిట్టి లాభం లేదు.

గాలి రంధ్రాలు కూడా కారణం కావొచ్చు. ఆల్టిమీటర్ గది ప్రతి వంద ఘనపు అంగుళాలకు పావు అంగుళం రంధ్రం ఒకటి, లేదా అంత వైశాల్యాన్ని మూడు నాలుగు చిన్న రంధ్రాలుగా చుట్టూ సమానంగా పంచడం అన్నది అందరూ వాడే లెక్క. ఒక్క రంధ్రమే పెట్టి అది గాలివాటుకి ఎదురుగా ఉంటే రీడింగ్ ఊగిసలాడుతుంది. ముక్కుకి దగ్గరగా రంధ్రాలు పెట్టినా అంతే.

కాబట్టి ఆ ఫ్లైట్ డేటా అడగండి. స్ట్రాటోలాగర్ సెకనుకి ఇరవై రీడింగ్‌లు రాసుకుంటుంది. గ్రాఫ్‌లో ధ్వని వేగం దగ్గర సూదిలా ఒక ముల్లు కనిపిస్తే కథ తేలిపోయినట్టే. డేటా లేదంటే బోర్డుకీ రాకెట్‌కీ మధ్య తీర్పు చెప్పలేం.

పాత ఫ్లైట్‌ల డేటా చెరిపి అమ్మాలా?

చెరపొద్దు. అదే దాని జాతకం. జీపీఎస్ ఉన్న బోర్డయితే మీరు ఎక్కడెక్కడ ఆన్ చేశారో లాగ్‌లో ఉండొచ్చు. ఇంటి పెరట్లో టెస్ట్ చేసిన ఫైల్ ఉంటే అదొక్కటి తీసేయండి.

సెట్టింగ్‌లు మాత్రం కొనేవాళ్లు తమ చేత్తో మళ్లీ పెట్టుకోవాలి. బ్యాకప్ బోర్డుగా వాడినవాళ్లు డ్రోగ్ ఛార్జ్‌కి ఒకటి రెండు సెకన్లు ఆలస్యం పెడతారు, రెండు బోర్డులూ ఒకేసారి పేల్చకుండా ఉండటానికి. కొన్నవాళ్లు చూసుకోకుండా దాన్నే మెయిన్ బోర్డుగా వాడేస్తే రాకెట్ అప్పటికే కిందికి తిరిగి వేగం అందుకుంటుంది.

కిట్‌గా కొని ఎవరో టంకం పెట్టుకున్న ఎగ్‌టైమర్ బోర్డు కొనొచ్చా?

ఎగ్‌టైమర్ వాళ్ల క్వార్క్, క్వాంటమ్, ప్రోటాన్ లాంటివి విడి భాగాలుగా వస్తాయి, కొన్నవాళ్లే అతికించుకోవాలి. డిజైన్ మంచిది. కానీ మీరు కొంటున్నది అవతలి మనిషి చేతి పని. టంకం చుక్కలు నున్నగా, కాలు చుట్టూ పల్లంగా దిగి మెరుస్తూ ఉన్నాయా, లేక గుండ్రంగా ముద్దల్లా ఉన్నాయా చూడండి. ముద్దలుంటే ధర ఎంత తక్కువైనా వద్దు. కట్టి వాడకుండా పెట్టినవాటి కన్నా, కట్టి ఎగరేసి డేటా చూపించేవాటికే నేను డబ్బులిస్తాను.

కంపెనీ మూతబడిన పాత బోర్డులకు విలువ ఉందా?

జీ-విజ్, ఓజార్క్ ఏరోస్పేస్ ఆర్ట్స్ లాంటివి ఒకప్పుడు గొప్ప బోర్డులు. ఇప్పుడు కేబుల్ దొరకదు, సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవదు, చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు. సేకరించేవాళ్లు సరదాకి కొంటారు. కేబుల్, మాన్యువల్, సాఫ్ట్‌వేర్ మూడూ కలిపి ఇస్తేనే అమ్మండి.

ఇక్కడ ఆల్టస్ మెట్రమ్‌కి ఒక సౌలభ్యం ఉంది. బీడేల్ గార్బీ, కీత్ ప్యాకార్డ్ మొదలుపెట్టిన ఆ బోర్డుల సర్క్యూట్ డిజైన్, సాఫ్ట్‌వేర్ రెండూ ఓపెన్ సోర్స్. పైగా లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ నడుస్తుంది. అందుకే వాటి పాత వెర్షన్లు కూడా అంత తేలిగ్గా చవకబడవు.

రేడియో ఉన్న ఫ్లైట్ కంప్యూటర్ కొనాలంటే లైసెన్స్ కావాలా?

కొనడానికి అక్కర్లేదు, ఆన్ చేసి ప్రసారం చేయడానికి కావాలి. టెలిమెట్రమ్, టెలిమెగా 70 సెంటీమీటర్ల హామ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి, కాబట్టి అమెచ్యూర్ రేడియో లైసెన్స్ తప్పనిసరి. టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకి 26 సరిగ్గా రాస్తే చాలు, లైసెన్స్ ఇచ్చే ఎఫ్‌సీసీ ఫీజు 35 డాలర్లు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి ఇవ్వరేమోనని కొందరు వెనకాడతారు. అమెరికా పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ ఒక పోస్టల్ అడ్రస్ ఉంటే చాలు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి అది ఒక వీకెండ్ పని.

ఫెదర్‌వెయిట్ జీపీఎస్ ట్రాకర్, 900 మెగాహెర్ట్జ్ ఎగ్‌ఫైండర్ లాంటివాటికి అమెరికాలో లైసెన్స్ అవసరం లేదు. ఎగ్‌ఫైండర్‌లో హామ్ రకం కూడా ఉంది, ఏది అమ్ముతున్నారో రాయండి.

అమ్మే ముందు బోర్డులోంచి మీ కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు కోడ్) తీసేయండి. లేకపోతే కొన్నవాళ్లు ఎగరేసిన ప్రతిసారీ గాల్లో మీ పేరే మోగుతుంది. బోర్డు పంపే సిగ్నల్‌ని నేల మీద అందుకునే గ్రౌండ్ స్టేషన్ డాంగిల్ కూడా ఇస్తున్నారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. అది లేకుండా టెలిమెట్రీ బోర్డు కొన్నవాళ్లు మళ్లీ వంద డాలర్లకు పైగా ఖర్చుపెట్టాల్సి రావొచ్చు.

ధర ఎంత పెట్టాలి?

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది ఈ బోర్డులకి అచ్చంగా సరిపోతుంది. ఇప్పటికీ కొత్తవి దొరికే మోడల్ అయితే, చరిత్ర శుభ్రంగా ఉన్నదానికి కొత్త ధరలో అరవై డెబ్బై శాతం అడగడం న్యాయం. చరిత్ర తెలియనిది, మీరు కూడా వేరేవాళ్ల దగ్గర కొన్నదైతే సగం కన్నా ఎక్కువ అడగొద్దు. 2021, 2022లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు చాలా మోడల్స్ షాపుల్లో లేక వాడినవే కొత్త ధరకి పోయాయి. ఆ రోజుల ధర గుర్తుపెట్టుకుని ఇప్పుడు బేరమాడేవాళ్లున్నారు, పట్టించుకోకండి.

డేటా కేబుల్ ఉంటే దాన్ని విడిగా అమ్మకండి. పర్ఫెక్ట్‌ఫ్లైట్ బోర్డుకి దాని యూఎస్‌బీ కిట్ లేకపోతే కొన్నవాళ్లకి బీప్‌లే దిక్కు.

బ్యాటరీ కలిపి ఇవ్వాలా? పోస్ట్‌లో ఎలా పంపాలి?

బ్యాటరీ లేకుండా పంపండి. వాడిన లైపో బ్యాటరీని ఎవరూ నమ్మరు, పైగా పోస్టాఫీసు తంటా. 2022 నుంచి యూఎస్‌పీఎస్ రూల్ ప్రకారం వాడిన ఎలక్ట్రానిక్ వస్తువులో గానీ దాంతో పాటు గానీ లిథియం బ్యాటరీ ఉంటే రోడ్డు మార్గంలోనే పంపాలి, ప్యాకెట్ మీద "రిస్ట్రిక్టెడ్ ఎలక్ట్రానిక్ డివైస్", "సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఓన్లీ" అని ఇంగ్లీషులో రాయాలి. బ్యాటరీ తీసేస్తే ఈ గొడవే లేదు.

కొన్నవాళ్లు కొత్త బ్యాటరీ తగిలించే ముందు ప్లస్, మైనస్ మీటర్‌తో చూసుకోవాలి. ఒకేలా ఉండే ఆ చిన్న తెల్ల ప్లగ్‌లో ఎరుపు ఏ పక్కన ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. ప్లగ్ ఎక్కింది కదా అని ఉల్టాగా తగిలిస్తే బోర్డు పోయినట్టే.

బోర్డుని యాంటీ-స్టాటిక్ కవర్‌లో పెట్టి, గట్టి అట్టపెట్టెలో వేయండి. మామూలు పాలిథీన్ సంచి, థర్మాకోల్ పూసలు వద్దు.

మిగిలిన ఈ-మ్యాచ్‌లు, బ్లాక్ పౌడర్ కూడా కలిపి ఇచ్చేస్తే?

వద్దు. బ్లాక్ పౌడర్ పోస్ట్‌లో పంపడం నేరం. ఈ-మ్యాచ్‌లు పేలుడు పదార్థాల మీద అజమాయిషీ చేసే ఏటీఎఫ్ నిబంధనల కిందికి వస్తాయి. బోర్డు బోర్డుగానే అమ్మండి.

లెవెల్ 3 సర్టిఫికేషన్‌కి వాడిన బోర్డు పెట్టొచ్చా?

హై పవర్ రాకెట్ల సర్టిఫికేషన్లలో పై మెట్టు లెవెల్ 3. ఎం, ఎన్, ఓ తరగతి పెద్ద మోటార్లు ఎగరేసే ఆ స్థాయికి పారాచూట్ తెరవడానికి ఒకదాని మీద ఒకటి ఆధారపడని రెండు ఎలక్ట్రానిక్ వ్యవస్థలు కావాలి. విడి బ్యాటరీలు, విడి స్విచ్‌లు, విడి ఛార్జ్‌లు. ఒకటి వాడినది, ఒకటి కొత్తది, అదీ రెండు వేరే కంపెనీలవి పెట్టడం నాకు ఇష్టం. రెండూ ఒకే మనిషి దగ్గర కొన్న పాత బోర్డులైతే రెండింటికీ ఒకే జబ్బు ఉండే అవకాశం ఉంది. మీ పేపర్లు చూసే సభ్యులకి బోర్డు వాడినదని ముందే చెప్పండి, వాక్యూమ్ పరీక్ష గ్రాఫ్ జతచేయండి. అప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు తగ్గుతాయి.

యూనివర్సిటీ టీమ్‌లో ఉన్నాను, గ్రాడ్యుయేట్ అవుతున్నాను. నా దగ్గరున్న బోర్డు అమ్మొచ్చా?

ముందు అది ఎవరి డబ్బుతో కొన్నదో చూసుకోండి. నాసా స్టూడెంట్ లాంచ్, ఐఆర్‌ఈసీ లాంటి పోటీలకి కొన్నవి మామూలుగా యూనివర్సిటీ ఆస్తి లేదా టీమ్ ఆస్తి. మీ బ్యాగ్‌లో రెండేళ్లు తిరిగినంత మాత్రాన మీది అయిపోదు. జూనియర్లకి అప్పగించి కాగితం మీద రాయించుకోండి.

నిజంగా మీదే అయితే టీమ్‌లే మంచి కొనుగోలుదారులు. హంట్స్‌విల్‌లో జరిగే నాసా పోటీలో రాకెట్‌కి మార్కెట్‌లో దొరికే ఆల్టిమీటర్లు రెండు ఉండాలి. సొంతంగా తయారుచేసిన బోర్డు ఎంత గొప్పదైనా ఆ పనికి పనికిరాదు. అందుకే ఏటా సెప్టెంబర్, అక్టోబర్‌లలో టీమ్‌లకి బోర్డులు కావాలి.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో మాట. మీ సొంత వస్తువు ఒకటి అమ్ముకోవడం వేరు, పాత బోర్డులు కొని లాభానికి అమ్మడం వేరు. రెండోది వ్యాపారం, అంటే అనుమతి లేని పని కిందికి రావొచ్చు. ఆ దారిలో వెళ్లే ముందు మీ యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌వోని అడగండి.

ఇండియాలో కాలేజీ టీమ్‌కి పంపమని తమ్ముడు అడుగుతున్నాడు. పంపొచ్చా?

నేనైతే తొందరపడను. ఫ్లైట్ కంప్యూటర్, ముఖ్యంగా వేగంగా ఎగిరే వాటికోసం చేసిన జీపీఎస్, అమెరికా ఎక్స్‌పోర్ట్ రూల్స్ కిందికి రావొచ్చు. సెకనుకి 600 మీటర్ల వేగం దాటి పనిచేసే జీపీఎస్ రిసీవర్ల మీద ప్రత్యేక నియంత్రణ ఉంది. సూట్‌కేస్‌లో పెట్టుకుని వెళ్తే లెక్కలోకి రాదనుకోవడం పొరపాటు, అది కూడా ఎక్స్‌పోర్టే. ముందు కంపెనీకి మెయిల్ రాసి ఆ మోడల్ ఏ కోవలో ఉందో అడగండి.

ఇండియా వైపు కూడా చిక్కుంది. రేడియో ఉన్న పరికరం దిగుమతికి, రేడియో తరంగాల వ్యవహారం చూసే ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ అనుమతి కావాలి. అమెరికాలో లైసెన్స్ అక్కర్లేని 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అక్కడ ఉచితం కాదు, అక్కడిది 865 మెగాహెర్ట్జ్ దగ్గరుంది. అంటే ఇక్కడి ట్రాకర్ అక్కడ ఆన్ చేయడమే తప్పవుతుంది. తమ్ముడికి మంచి పీడన సెన్సర్ మాడ్యూల్ అక్కడే కొనుక్కోమని చెప్పి, డేటా రికార్డర్ తయారుచేసుకోవడం ఫోన్లో నేర్పించండి.

డబ్బులు ఎలా తీసుకోవాలి? వాపసు సంగతేంటి?

అన్నిటికన్నా మంచిది క్లబ్ లాంచ్ రోజున ఎదురెదురుగా ఇచ్చిపుచ్చుకోవడం. బోర్డు ఆన్ చేసి చూపిస్తారు, బల్బు వెలిగించి చూపిస్తారు, నగదు తీసుకుంటారు. దూరం వాళ్లయితే కొనేవాళ్లు పేపాల్ గూడ్స్ అండ్ సర్వీసెస్ అడగాలి. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో, జెల్‌లో పంపిన డబ్బు తేడా వస్తే తిరిగి రావడం కష్టం. "మన తెలుగువాడే కదా" అన్న నమ్మకంతో జెల్ చేసేయకండి.

వాపసుకి రెండు వారాలు గడువివ్వడం పద్ధతి. ఆ లోపు కొన్నవాళ్లు సీసాలో పెట్టి చూసుకోవాలి. ఒకసారి రాకెట్‌లో ఎగరేశాక వాపసు లేదు.

ఎవరూ కొనని పాత బోర్డు ఏం చేసుకోవాలి?

అవుట్‌పుట్ టెర్మినల్స్ ఊడదీసి, "ఛార్జ్‌కి వాడొద్దు" అని మార్కర్‌తో బోర్డు మీదే రాసి, చిన్న రాకెట్లు ఎగరేసే పిల్లలకి ఎత్తు కొలుచుకోవడానికి ఇవ్వండి. వాళ్ల రాకెట్‌లో పారాచూట్‌ని మోటార్‌లోని ఛార్జే తోస్తుంది, మీ బోర్డు ఆ పనిలో వేలు పెట్టదు. సెన్సర్ కూడా పోయినదైతే ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట వేయండి. బజర్ మాత్రం ఊడదీసి ఉంచుకోండి, ఇంకో బోర్డుకి పనికొస్తుంది.